క్రిస్మస్ విందులో బిర్యానీ బదులు ఏం వండాలి?

ప్రశ్న: గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. ఆవిడ ఆ ఇంటికి పెద్ద కోడలు. క్రిస్మస్ మధ్యాహ్నం వాళ్లింట్లో ఇరవై మంది దాకా భోజనానికి కూర్చుంటారు. ఏళ్ల తరబడి ఆ రోజుకి అసలు వంట అంటే అత్తగారి మటన్ దమ్ బిర్యానీయే. ఆ అత్తగారు ఈ వేసవిలో చనిపోయారు. ఆవిడ లేకుండా వస్తున్న మొదటి క్రిస్మస్ ఇది.

మామగారికి దసరా ముందు గుండెకి స్టెంట్ వేశారు. మటన్, నెయ్యి బాగా తగ్గించమన్నారు డాక్టరు. మరిదికి ఫిబ్రవరిలో పెళ్లయింది. కొత్త కోడలు పుట్టినప్పటి నుంచి మాంసం తినదు, అత్తింట్లో ఆమెకిది మొదటి పండగ. పాఠకురాలి కూతురు ఇంటర్ చదువుతోంది. ఈ మధ్యే ముక్క తినడం మానేసి, క్రిస్మస్‌కి నట్ రోస్ట్ (జీడిపప్పు, బాదం లాంటి వాటితో ఓవెన్‌లో కాల్చే వంట) చేద్దామని యూట్యూబ్ వీడియోలు చూపిస్తోంది. భర్త మాత్రం "అమ్మ చేసినట్టే చెయ్యి, ఆ అమ్మాయికి ముక్కలు తీసేసి కుష్కా పెట్టు" అంటున్నారు. ఖమ్మం నుంచి రాబోయే ఆడపడుచు "అమ్మ పోయింది, అమ్మ బిర్యానీ కూడా పోవాలా?" అని ఫోన్లో ఏడ్చారట.

ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఇలా ఉంది: "ఇంకో మాట. క్రిస్మస్ ఆరాధనలో చివరిదాకా కూర్చుని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. వాక్యం మధ్యలోనే లేచి వచ్చేస్తాను, దమ్ వేయాలి కదా. ఎవరికీ నచ్చనిది వండి మాటలు పడతానేమోనని ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. బిర్యానీ బదులు ఏం చేస్తే అందరూ తింటారో చెప్పండి."

జవాబు: అమ్మా, మీరు బిర్యానీ గురించి నాలుగు పేజీలు రాశారు, మీ గురించి నాలుగు ముక్కలే రాశారు. అందుకే ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈసారి ఏం వండాలో తేల్చుకునేటప్పుడు మీరు పెట్టుకోవాల్సిన మొదటి షరతు, ఆశీర్వాద ప్రార్థన అయ్యేదాకా మీరు గుడిలో కూర్చోగలగాలి. మామగారి గుండె, కొత్త కోడలి తిండి, మీ వదిన కన్నీళ్లు, వీటికి ఎంత విలువ ఉందో దీనికీ అంతే ఉంది. ఈ షరతు పెట్టుకుంటే కొన్ని వంటకాలు వాటంతట అవే పక్కకు పోతాయి, మీ పని సగం తేలికవుతుంది.

మీకు ఇంత కష్టంగా ఎందుకుందంటే, అందరి కోరికలూ ఒకే గిన్నెలో తీరాలని చూస్తున్నారు. బిర్యానీలో అన్నం, మాంసం కలిసే ఉడుకుతాయి. మాంసం తినేవాళ్లకు ఆ రుచి అందులోనే ఉంది. తినని మనిషికి మాత్రం అందులో ఒక్క మెతుకు కూడా పనికిరాదు. మీవారు చెప్పిన కుష్కా సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ముక్కలు ఏరేసినంత మాత్రాన అది శాకాహారం అయిపోదు. ఆ మెతుకులు మాంసం రసంలోనే మగ్గాయి. మొహమాటానికి ఆ పిల్ల ఏమీ అనకపోవచ్చు, నాలుగు మెతుకులు కెలికి ఆకలి లేదని చెప్పవచ్చు. అత్తింట్లో మొదటి పండగ నాడు ఆకలితో లేచిందన్న సంగతి వాళ్ల పుట్టింటిదాకా వెళ్తుంది. మీవారికి దురుద్దేశం ఏమీ లేదు, ఆయనకి తట్టలేదంతే. మెల్లగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఇక మీ వదిన మాట. దానికి వంటతో జవాబు చెప్పబోకండి. తల్లి లేని మొదటి పండక్కి పుట్టింటికి వస్తున్న ఆడపిల్ల ఆవిడ. మీరు అత్తగారి కొలతలతోనే బిర్యానీ చేసినా "అమ్మ చేసినట్టు లేదు" అనే అంటారు. నిజంగానే ఉండదు. దాంట్లో మీ తప్పేమీ లేదు, కానీ ఆ మాట మాత్రం మీకే తగులుతుంది. కాబట్టి ఆ రోజు ఆ బిర్యానీని మీరు ఒక్కరే నెత్తిన వేసుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

బిర్యానీ లేకపోతే క్రిస్మస్ కాదని ఎవరైనా అంటే కంగారు పడకండి. ఫలానాదే వండాలని బైబిల్లో ఎక్కడా లేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో అలవాటు. పోలండ్‌లో క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనమే పెద్ద పండగ. అందులో మాంసం ఉండదు, బీట్‌రూట్ చారు, చేప, పుట్టగొడుగులు ఇలా పన్నెండు రకాలు పెట్టడం ఆనవాయితీ. దక్షిణ ఇటలీ కుటుంబాల్లోనూ ఆ రాత్రి చేపలే. మన పక్కనున్న కేరళలో సిరియన్ క్రైస్తవులు చాలామంది డిసెంబరు మొదటి తారీఖు నుంచి మాంసం మానేసి, క్రిస్మస్ ఉదయం అప్పం, స్ట్యూతో ఆ నోము విడుస్తారు. ఇంగ్లండ్‌లో ఇప్పుడు టర్కీ కోడి లేనిదే పండగ కాదంటారు గానీ, ఒకప్పుడు అక్కడా చాలా ఇళ్లలో బాతు జాతి పక్షినే కాల్చేవారు. అత్తగారి బిర్యానీ కూడా ఎప్పుడో ఒక ఏడాది కొత్తగా మొదలైనదే అయి ఉంటుంది. ఇవన్నీ మీ వదినకి చెప్పడానికి కాదు, మీ ధైర్యం కోసం.

ఇప్పుడు వంటల సంగతి. నాకు అన్నిటికంటే సబబుగా తోచింది అన్నాన్ని, మాంసాన్ని విడదీయడం. బగారా అన్నం వండండి. షాజీరా, లవంగం, చెక్క, యాలకులు, బిర్యానీ ఆకు, పచ్చిమిర్చి, పుదీనా, కొత్తిమీర, వేయించిన ఉల్లిపాయలు పడితే వాసనకి పండగ వచ్చేస్తుంది. అందులో మాంసం లేదు కాబట్టి ఇరవై మందీ ఒకే గిన్నెలో అన్నం తినొచ్చు. ముక్క కావాల్సిన వాళ్లకి పక్కన మటన్ కూర, వద్దనుకునే వాళ్లకి గుత్తివంకాయ. కొబ్బరిపాల అన్నం ఇంకా రుచిగా ఉంటుంది గానీ, స్టెంట్ వేయించుకున్న మనిషి ఉన్న ఇంట్లో ఈసారికి దాని జోలికి వెళ్లొద్దు. నెయ్యి కూడా వద్దు, నూనెతోనే చేయండి, అదీ చూసుకుని.

ఇందులో మీకు కలిసొచ్చేది కూరలు ముందురోజే వండుకోవచ్చు. మటన్ కూర ఇరవై నాలుగున సాయంత్రం చేసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నకి కొవ్వు పైన తెల్లగా పేరుకుని ఉంటుంది. దాన్ని గరిటెతో తీసిపారేసి కూర బాగా మరగబెట్టండి. రుచి పెద్దగా తగ్గదు, మామగారి పళ్లెంలోకి వెళ్లే కొవ్వు మాత్రం బాగా తగ్గుతుంది. ఆయన ఎన్ని ముక్కలు తినొచ్చో డాక్టరుని ఒక మాట అడిగి ఉంచుకోండి. గుత్తివంకాయ కూడా అంతే. పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి, చింతపండు పడిన మసాలా కాబట్టి రాత్రంతా నాని మర్నాటికి ఇంకా బాగుంటుంది. డిసెంబరులో లేత వంకాయలకు కొదవ లేదు. ఇరవై మందికి రెండున్నర కిలోల బియ్యం, మూడు కిలోల మటన్, మూడు కిలోల లోపు చిన్న వంకాయలు సరిపోతాయి. ఉల్లిపాయలు కూడా ముందురోజే వేయించి డబ్బాలో పెట్టుకుంటే, పండగ నాడు గుడి నుంచి వచ్చి బియ్యం నానేసి, పొయ్యి వెలిగించి, గంటంపావులో వడ్డించొచ్చు. అంతసేపూ జనం ఆకలి అనకుండా అరిసెలు, చక్రాలు, కేకు ఎలాగూ ఉంటాయి.

దీనివల్ల వచ్చే చిక్కు కూడా చెప్పాలి. బగారా అన్నం చూడగానే "బిర్యానీ ఏది?" అని ఎవరో ఒకరు అంటారు. మటన్ కూరలో ముక్క మెత్తగా, మసాలా ఘాటుగా ఉంటే ఆ మాట రెండో వాయి వడ్డించేసరికి ఆగిపోతుంది. ఆగకపోయినా పర్వాలేదు, ఒక్కపూట మాట.

మటన్ అసలే వద్దు అనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి చేప. మామగారికి మటన్ కంటే అదే నయం, పైగా చేపల పులుసు ముందురోజు పెట్టి మర్నాడు తింటేనే రుచి అని మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు ఉంటారు కాబట్టి ముళ్లు తక్కువుండే కొరమీను తీసుకోండి. అయితే బగారా అన్నంలోకి పులుసు అంతగా నప్పదు, తెల్లన్నం కూడా వండాలి. "పండక్కి పులుసూ అన్నమా?" అనే మొహాలు కూడా కనిపిస్తాయి. పులుసుకి తోడు చందువా చేపలు వేయిస్తే విందులా ఉంటుంది నిజమే. కానీ వేపుడు అప్పటికప్పుడు చేయాలి, ఇరవై మందికి వేయించేసరికి మీరు మళ్లీ పొయ్యి దగ్గరే. అది చేయదలిస్తే పెనం దగ్గర మీవారినో మరిదినో నిలబెట్టండి.

రెండోది నాటుకోడి. గారెలతో వడ్డిస్తే ఎవరూ బిర్యానీ ఊసెత్తరు. తోలు తీయించి వండితే మామగారూ తినొచ్చు. గారెలు మాత్రం నూనెలో వేగినవి కాబట్టి ఆయనకి లెక్కగా పెట్టాలి. నాటుకోడి ఉడకడానికి టైం పడుతుంది, అదీ ముందురోజు రాత్రే కానిచ్చేయాలి. గారెలు వేయడానికి ఇంకో మనిషి ఉంటేనే పెట్టుకోండి, లేకపోతే వద్దు.

మొత్తం వెజ్ దమ్ బిర్యానీ చేసేద్దామా అని మీరు ఒకచోట రాశారు. నేనైతే చేయను. పేరు బిర్యానీ కాగానే అందరూ అత్తగారి దాంతో పోలుస్తారు. పనసకాయ బిర్యానీ అయితే కొంత నిలబడుతుంది, గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో అది తిన్నవాళ్లకి తెలుసు. కానీ డిసెంబరులో లేత పనస మీ బజారులో దొరుకుతుందని నమ్మకం పెట్టుకోలేం.

శాకాహారి అనగానే పనీర్ కొనుక్కొచ్చేవాళ్ల మీద నాకు కొంచెం కోపం. పనీర్‌లో కొవ్వు తక్కువేం కాదు, మామగారికి పనికిరాదు. పైగా మీ తోడికోడలు ఏ విందుకి వెళ్లినా ఆ పనీర్ కూరే తిని ఉంటుంది. ఆమెకి పెట్టేది మూలన ఓ చిన్న గిన్నెలో కాకుండా, మటన్ గిన్నె పక్కనే అంతే పెద్ద గిన్నెలో ఉంచండి. మాంసం తినేవాళ్లు కూడా గుత్తివంకాయ వేసుకుంటారు, ముందే ఎక్కువ చేయకపోతే ఆమె వంతు వచ్చేసరికి రసం మిగులుతుంది. వడ్డనలో ఆమె ఉన్న వరసకే ముందు పెట్టించండి. గరిటెలు వేరువేరుగా పెట్టి, ఆ సంగతి పిల్లలకి కూడా చెప్పండి.

మీ అమ్మాయి అడిగిన నట్ రోస్ట్ గురించి. జీడిపప్పు, బాదం, వాల్‌నట్ లాంటివి పొడి చేసి, బ్రెడ్ పొడి, ఉల్లి, పుట్టగొడుగులు కలిపి, కేకు గిన్నెలో అదిమి ఓవెన్‌లో కాలుస్తారు. ఇంగ్లండ్‌లో మాంసం తినని వాళ్లకి క్రిస్మస్ వంట అంటే ముందు గుర్తొచ్చేది అదే. మసాలా తక్కువ, మన వాళ్లకి చప్పగా అనిపిస్తుంది. ఖర్చూ ఎక్కువే. అయినా "వద్దు" అనేయకండి. ఆ పిల్ల వంటింట్లోకి వస్తానంటోంది, దాన్ని పోగొట్టుకోకూడదు. డిసెంబరు మొదటి వారంలో ఒక ఆదివారం కొంచెం చేసి చూడమనండి. బాగా వస్తే పండగ నాడు కోసి ముక్కలు పంచుకోవచ్చు. అతుక్కోవడానికి కొందరు గుడ్డు వేస్తారు, మీ తోడికోడలు తింటుందో లేదో కనుక్కుని అప్పుడు చేయాలి.

కుదరకపోతే నా దగ్గర ఇంకో మాట ఉంది, గోబీ ముసల్లం. డిసెంబరులో కాలీఫ్లవర్ తెల్లగా, గట్టిగా వస్తుంది. పువ్వుని ముక్కలు చేయకుండా మొత్తంగానే ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో సగం ఉడికించి, ఉల్లి, టమాటా, జీడిపప్పు మసాలా దట్టంగా పట్టించి ఓవెన్‌లోనో, మూత పెట్టిన మందపాటి గిన్నెలో సన్నని సెగ మీదో మగ్గించాలి. మామగారికి పెట్టే పువ్వుకి మాత్రం జీడిపప్పు కొంచెమే వేయండి. పెద్ద పళ్లెంలో పెట్టి అందరి ముందు కోస్తే వంటకం చూడ్డానికే ఓ హుషారు. ఇరవై మందికి నాలుగు పువ్వులు చాలు, ఎందుకంటే అందరూ రుచి చూస్తారు గానీ కడుపు నింపుకునేది దాంతో కాదు. ఇది మీ అమ్మాయి వంటగా ఉండనివ్వండి.

ఇప్పుడు అత్తగారి బిర్యానీ. దాన్ని మానేయమని నేను అనడం లేదు, రోజు మార్చమంటున్నాను. ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధన, జనవరి ఒకటిన మళ్లీ విందు మన ఇళ్లలో ఉండేదే. మీ వదిన అప్పటిదాకా ఉంటే బిర్యానీని ఆ రోజుకి పెట్టుకోండి. ఉండకపోతే ఇరవై ఆరున. వండేది మాత్రం మీరు కాదు, అన్నాచెల్లెళ్లో అక్కాతమ్ముళ్లో, ఆవిడ కన్న పిల్లలే వండాలి. తల్లి పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగిన కూతురికి మీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. కిలో బియ్యంతో చిన్న హండీలో చేసుకుంటే చాలు. మామగారికి ఒక గరిటెడు.

ఈ మాట ఆవిడకి పండగ ముందురోజు చెబితే గొడవవుతుంది, ఇప్పుడే ఫోన్ చేయండి. మామగారి ఆరోగ్యంతో మొదలుపెట్టకండి, అది అడ్డం పెట్టుకున్నట్టు వినిపిస్తుంది. "వదినా, అత్తయ్య బిర్యానీ నా చేత్తో చేస్తే ఆవిడకి పేరు రాదు. నువ్వూ, మీ తమ్ముడూ కలిసి చేయండి, నేను కూర్చుని తింటాను" అనండి. ఒప్పుకుంటే మంచిదే. "నాకు రాదమ్మా, నువ్వే చెయ్యి" అంటే కూడా ఇద్దరూ కలిసి చేసే వీలు దొరుకుతుంది. అసలు ఒప్పుకోకుండా క్రిస్మస్ నాడే కావాలని పట్టుబడితే, బగారా అన్నం మానకుండానే ఆవిడని ఓ కిలో బిర్యానీ వండుకోమనండి. ఆ పొద్దున దమ్ దగ్గర ఎవరు ఉండాలో ఆవిడే తేల్చుకుంటారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది, ఆరాధనకి రాలేకపోయిన కోపం కూడా మీ మీదే చూపించవచ్చు. పడతారో లేదో మీరు ఆలోచించుకోవాలి.

బయట ఆర్డర్ ఇచ్చేయడం ఇంకో దారి. మీకు పని తప్పుతుంది, ఆరాధన దక్కుతుంది. అది చిన్న లాభం కాదు. కానీ ఆ రోజు అందరూ ఆర్డర్ ఇచ్చేవాళ్లే, చెప్పిన టైముకి రావడం కష్టం. నూనె, ఉప్పు మన చేతిలో ఉండవు, మామగారికి వేరే వండాలి. అది ఒక్కటే పెడితే "అమ్మ ఉన్నప్పుడు" అనే మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఈ ఏడాదికి దాన్ని ఆఖరి దారిగానే ఉంచుకోండి.

ఒక్క విషయం మాత్రం ఏది ఎంచుకున్నా చేయండి. మామగారికి విడిగా పత్యం కంచం పెట్టకండి. భార్య పోయిన ఏడాది, ఒంట్లో బాగాలేని ఏడాది, నలుగురిలో తనొక్కడికే చప్పిడి కూడు పెడితే ఆయన ఆ పూట తినరు. అందరికీ చేసే వంటలోనే నూనె, ఉప్పు తగ్గించండి. నిమ్మరసం, పుదీనా, మిరియాలు ఆ లోటు కొంత తీరుస్తాయి. ఇంటి పెద్దగా ప్రార్థన చేసేదీ ఆయనే కదా, మొదటి వడ్డన కూడా ఆయనకే.

పక్కింటి వాళ్లు అయ్యప్ప మాలలో ఉన్నారని, ఏటా పంపే బిర్యానీ డబ్బా ఈసారి ఎలా అని కూడా అడిగారు. దీక్షలో ఉన్నవాళ్లు బయటి వంట సాధారణంగా తినరు, పళ్లు పంపించండి. మాలలో లేని మిగతా ఇళ్లకి బగారా అన్నం, వంకాయ కూర పంపొచ్చు. ధనుర్మాసంలో మాంసం మానేసిన ఇల్లయినా దాన్ని వెనక్కి పంపదు.

ఇంకొకటి, తోడికోడలికి మీరే స్వయంగా ఫోన్ చేయండి, మరిది ద్వారా కాదు. గుడ్డు తింటుందా, గుడ్డు వేసిన కేకు తింటుందా, మాంసం వడ్డించే చోటే కూర్చోవడం ఇబ్బందా, సూటిగా అడగండి. ఏమీ అనుకోదు, అడిగినందుకు సంతోషిస్తుంది. వాళ్లింట్లో పండక్కి ఏం చేస్తారో కూడా కనుక్కుని, వస్తూ ఒకటి చేసి తెమ్మనండి. పులిహోర తెస్తే మీకు ఒక వంట తప్పినట్టే.